జిల్లేటి చుట్టము: మైనపుపూల తీగ

కర్నూలునుండి కడపకు పోవు దారిలో, ఎండకు బండలు పగులు వేళను కూడ పూచుచుండు మొక్క జిల్లేడు. దానిని పెంచువారు లేరు. నీరు పోయువారు లేరు. రథసప్తమికి ఆకులు, వినాయకచవితికి పత్రి కావలసినపుడు తప్ప దానిని తలచువారును అరుదు. దాని చుట్ట మొకటి మాత్రము పట్టణములలోని వసారాలలో, కుండలలో గారాబముగా పెరుగుచున్నది. దాని పేరు హోయా. రేకులు మైనముతో పోతపోసినట్లుండుటచే మైనపుపూల తీగ యనవచ్చును. వేసవిలో షర్బతు చేయు నన్నారియు ఈ కుటుంబములోనిదే. 1810లో రాబర్టు బ్రౌను అను వృక్షశాస్త్రజ్ఞుడు థామస్ హోయి అను తోటమాలి పేర దీనికి నామకరణము చేసెను. ప్రభువులకు దక్కు గౌరవము తోటమాలికి దక్కుట ముచ్చటయే.

పెంచువారి ఫిర్యాదు ఒక్కటే: తీగ సాగుచున్నది గాని పూయదు. కారణము తరచుగా వారి కత్తెరయే. జిల్లేడు క్రొత్త కొమ్మలపై పూచును. నరికినను మొదటినుండి చిగిర్చి మరల పూచును. హోయా నడక వేరు. కణుపువద్ద చిన్న కాడ పుట్టును. దాని కొనను మొగ్గలు గొడుగువలె గుత్తికట్టును. పూలు రాలిన పిమ్మట కాడ బోడిగా నిలుచును. చూచువారికి అది ఎండుపుల్ల, శుభ్రతకై తుంచివేయుదురు. కాని అనేక జాతులలో మరుసటి పూతకు మొగ్గలు ఆ కాడ కొననే పుట్టును. పూతపూతకును అది రవంత సాగును. ఆకులు లేక పొడుగుగా చాచు తీగకొనలను గూడ కోయరాదు. ఆధారము దొరకిన పిమ్మట వాని కణుపులందే ఆకులును కాడలును వెలువడును.

కోత మానినంత మాత్రమున మొగ్గ నిలుచునని పూచీ లేదు. మే నెలలో ఇచ్చటి ఎండ 40 డిగ్రీలు దాటును. హోయా మధ్యాహ్నపుటెండకు తాళదు, చీకటిలో పూయదు. ఉదయపుటెండ సోకు తూర్పు వసారా మేలు. దళసరి ఆకుల కార్నోసా జాతి పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించును. కనుక ఆకు ఓర్చుకొనును. మొగ్గకు ఆ ఓర్పు లేదు. మన్ను పూర్తిగా ఎండినను, పొడిగాలి కొట్టినను, నీరెక్కువై వేళ్లు కుళ్లినను పసుపువారి రాలును. మొగ్గ తొడిగిన కుండను చోటు మార్చకుండుట మంచిది.

హృదయాకారపు ఒంటి ఆకును కుండలో గ్రుచ్చి కానుకగా అమ్ముట నేటి వింత. కణుపు లేని ఆకు వేళ్లూని యేండ్ల తరబడి పచ్చగా నుండును గాని తీగ సాగదు. ఇక పూత మాట యెక్కడిది?

బడిపిల్లలకు హోయా దొరకకున్నను జిల్లేటిపువ్వు దొరకును. రెంటి నిర్మాణమును ఒకటే తీరు: అయిదు రేకులు, వానిపై అయిదు మొనల కిరీటము. పాలు కంట పడకుండ జాగ్రత్తపడి, నడుమనున్న అయిదు పలకల స్తంభపు చీలికలో సూదిని దూర్చి పైకి లాగినచో, చిన్న కొక్కెమునకు వ్రేలాడు రెండు పసుపుపచ్చని పుప్పొడి తిత్తులు వెలికివచ్చును. తేనెకై వ్రాలిన తుమ్మెద కాలు ఆ చీలికలోనే చిక్కును. పెరికికొని యెగిరినపుడు ఆ జంట తిత్తులు కాలికి తగులుకొని మరియొక పువ్వునకు పోవును.