గంధకపు కట్టు విప్పు ఎంజైము, దానిని అణచు రసాయనములు

ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు రాజధానియై వెలసిన ఆత్మకూరు మొదలుకొని నల్లగొండ వఱకు వ్యాపించిన ఎఱ్ఱని చల్కనేలలు గంధకమునకు పేదవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మహబూబ్‌నగరు, నల్లగొండ, కర్నూలు జిల్లాల పొలముల మట్టిని పరీక్షించి, అధికభాగమున గంధకము, బోరాను, జింకు కొఱవడినవని తేల్చిరి. పల్లిచేనికి ఊడలు దిగు వేళ ఎకరమునకు 200 కిలోల జిప్సము వేయుమనుటలో కాల్షియముతోపాటు ఈ గంధకపు లెక్కయు ఇమిడి యున్నది.

అయినను నేలలో గంధకము బొత్తిగా లేదని కాదు. సాధారణముగా మట్టిలోని గంధకమున నూటికి 90 పాళ్లకు పైగా జీవపదార్థముతో కూడియుండును. అందు గణనీయమైన భాగము సల్ఫేటు ఎస్టరుగా కట్టువడి యుండగా, వేరు పీల్చుకొనగలిగినది విడివడిన సల్ఫేటును మాత్రమే. ఆ కట్టును నీటి సాయమున విప్పునది సూక్ష్మజీవులు వెలువరించు అరైల్‌సల్ఫటేజు అను ఎంజైము. దీని చురుకుదనమును కొలుచు పద్ధతిని 1970లో అమెరికాలోని అయొవాలో తబాతబాయి, బ్రెమ్నరు అనువారు ఏర్పఱచిరి: పారా-నైట్రోఫినైల్ సల్ఫేటును మట్టితో కలిపి 37 డిగ్రీల వేడిమిలో గంటసేపుంచి, పిదప క్షారమును చేర్చినచో పసుపురంగు తేలును, ఆ పసుపు ఎంత చిక్కనైనదో ఎంజైము అంత చురుకైనది.

ఫాస్ఫేటు, మాలిబ్డేటు, ఆర్సెనేటు అయానులు ఆకృతిలో సల్ఫేటును పోలియుండుటచే, పరులకై వేసిన పీటపై కూర్చుండిన పిలువని పేరంటాలివలె, ఎంజైము నడుమ చోటాక్రమించి దాని పనిని అడ్డగించును. అంతమాత్రమున ఫాస్ఫేటు ఎరువైన డి.ఎ.పి. బస్తాపై నేరము మోపరాదు. చేనిలో ఫాస్ఫేటు చాలవఱకు మట్టికణములకు అంటుకొనిపోవును. డి.ఎ.పి. అసలు కొఱత వేఱు: అందు గంధకము లేదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేటులో నూటికి 11 పాళ్లు కలదు.

నేలలో చురుకుగా నుండవలెనని మనము కోరు ఈ జాతి ఎంజైమునే దేహమునందు ఆపవలెనని వైద్యశాస్త్రము యత్నించుచున్నది. ముట్టుడిగిన స్త్రీల రక్తమున ఈస్ట్రోను సల్ఫేటు నిద్రాణముగా సంచరించుచుండ, స్టిరాయిడ్ సల్ఫటేజు దాని కట్టు విప్పి, కొన్ని రొమ్ము రాచపుండ్లకు ఆహారమగు హార్మోనును సమకూర్చును. 1994లో బ్రిటనులోని రీడ్, పాటరు బృందములు ప్రకటించిన ఈమేట్ అను సల్ఫమేటు ఆ ఎంజైమును మరల లేవనీయక అణచినది. కాని ఎలుకలలో అదియే ప్రబలమైన ఈస్ట్రోజనుగా వర్తించుటతో, అగ్గి చల్లార్ప నూనె పోసినట్లయ్యెను! పిమ్మట కౌమరిను వలయము నాధారముగా రూపొందిన ఐరోసుస్టాట్ ఆ దోషము లేనిదై రోగులపై పరీక్షింపబడినది.

పుట్టుకతోనే ఈ స్టిరాయిడ్ సల్ఫటేజు లోపించిన మగశిశువులు సుమారు 6000 మందిలో ఒకరు; కొలెస్టరాల్ సల్ఫేటు పేరుకొనుటచే వారి చర్మము చేపపొలుసువలె పగులును. ఐరోసుస్టాట్ సేవించినవారిలో మిక్కిలి తఱచుగా కనబడిన బాధయు చర్మము పొడిబాఱుటయే.