గల్ఫు వీసా: ఆ పర్వానాలో వ్రాసి ఉన్నదేమిటి?

వీసా అను పదమునకు మూలము లాటిను భాషలో ఉన్నది. ‘చూడబడినది’ అని దాని అర్థము. అనగా ఒక దేశపు అధికారి మన పాస్‌పోర్టును చూచి, తమ దేశపు గుమ్మము వరకు వచ్చుటకు అభ్యంతరము లేదని ముద్ర వేసెనని భావము. గుమ్మము దాటనిచ్చుట వేరు, లోపల కొంతకాలము ఉండనిచ్చుట వేరు, అక్కడ పని చేసి జీతము తీసికొననిచ్చుట వేరు. ఈ అనుమతులన్నియు ఒకటేయని భావించుట వలననే మన జిల్లాల నుండి గల్ఫు దేశములకు వెళ్ళినవారిలో అనేకులు చిక్కులలో పడుచున్నారు. అందుచేత ఈ విషయమును మన విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు కొంత విపులముగా ఉంచదలచినాము.

అరబ్బు దేశములతో మన ప్రాంతమునకు గల సంబంధము క్రొత్తది కాదు. హద్రమౌత్ నుండి నిజాము కొలువులోనికి వచ్చిన అరబ్బు సైనికుల బారకులే నేటి హైదరాబాదులోని బార్కాస్. ఆనాడు వారు జీవనోపాధికై ఇచటికి వచ్చిరి. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట ఆ ప్రవాహము దిశ మార్చుకొన్నది. పాతబస్తీ నుండి, కరీంనగరు, నిజామాబాదు పల్లెల నుండి సౌదీ అరేబియాకు, దుబాయికి. కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్‌కు వలసలు సాగినవి. నేటికిని సాగుచున్నవి.

మొదట సందర్శక వీసాను గూర్చి చెప్పుకొందము. దుబాయి మొదలగు ఎమిరేట్లకు 30 దినములకు, 60 దినములకు ఇచ్చు విజిట్ వీసాలున్నవి. సౌదీ అరేబియా 2019 సెప్టెంబరులో పర్యాటక వీసాలకు ద్వారములు తెరచినది. ఉమ్రా యాత్రకు వేరుగా వీసా ఉన్నది. వీటిలో ఏ ఒక్కటియు పని చేయుటకు అనుమతి కాదు. ‘ముందు విజిట్ మీద వెళ్ళుము, అక్కడ మార్పించెదము’ అను మాట ఏజెంట్ల నోట తరచుగా వినిపించును. మార్పించుట కొన్నిచోట్ల సాధ్యమే. కాని మార్పు జరుగు వరకు చేసిన పని చట్టవిరుద్ధమే; జీతము ఎగగొట్టినను అడుగుటకు ఒప్పందపత్రము ఉండదు. గడువు దాటినచో ఎమిరేట్లలో దినమునకు 50 దిర్హముల చొప్పున జరిమానా పెరుగుచుండును. రెండు నెలలు గడచుసరికి ఆ మొత్తము ఒక సామాన్య కూలీ నెల జీతమును మించిపోవును.

ఇక ఉద్యోగ వీసా. ఇది పనివాని పేర వచ్చినను, దాని వేరు యజమాని చేతిలో ఉండును. ఆ యజమానినే కఫీల్ అందురు. ఉర్దూ చదువుకొన్నవారికి కఫాలత్ అనగా పూచీ అని తెలియును. విదేశీయుడు తమ దేశములో ఉన్నంతకాలము అతనికి పూచీ వహించువాడు ఒకడుండవలెనన్నది అక్కడి పద్ధతి. ఈ వీసాతో దిగిన పిమ్మట నివాసపు కార్డు లభించును. సౌదీలో దానికి ఇఖామా అని పేరు. నమాజుకు నిలుచు వేళ పలుకు ఇఖామత్, ఈ ఇఖామా ఒకే పదమని మన విద్యార్థులు గుర్తింతురు. వీసా దేశములోనికి తెచ్చును, ఇఖామా అక్కడ నిలుపును. ఇఖామా గడువు తీరినచో వీసా ముద్ర ఎంత చక్కగా ఉన్నను ప్రయోజనము లేదు.

అన్నింటికంటె ఎక్కువగా మనవారిని మోసగించినది ‘ఆజాద్ వీసా’ అను మాట. ఏ గల్ఫు దేశపు చట్టములోను ఇట్టి పేరు గల వీసా లేదు. ఒకడు పేరునకు మాత్రమే కఫీల్‌గా నిలిచి, తన పేర వచ్చిన వీసాను ఏజెంటుకు అమ్మును. కొన్నవాడు అక్కడికి పోయి ఎవరి దగ్గర పని దొరకిన వారి దగ్గర చేయుచు, ఇఖామా పునరుద్ధరణ కొరకు ఆ కఫీల్‌కు ఏటేట సొమ్ము చెల్లించుచుండును. వినుటకు స్వేచ్ఛగనే ఉన్నది. కాని వీసాపై ఉన్న యజమాని వద్ద తప్ప మరొకచోట పని చేయుట నేరము. పైగా ఆ కఫీల్ ఏనాడైనను ‘ఇతడు నా వద్దనుండి పారిపోయినాడు’ అని ఫిర్యాదు చేయగలడు. దీనినే మనవారు హురూబ్ పడినదందురు. అంతటితో పనివాడు దొంగచాటు మనిషిగా మారిపోవును. పట్టుబడినచో నిర్బంధము, దేశబహిష్కరణ. సౌదీ కార్మిక చట్టము 40వ అధికరణము ఇఖామా రుసుమును, పని అనుమతి రుసుమును, ఒప్పందము ముగిసిన పిమ్మట తిరుగు టిక్కెట్టును యజమానియే భరింపవలెనని విధించుచున్నది. ఆజాద్ వీసా కొన్నవాడు చట్టము తనకు ఉచితముగా ఇచ్చినదానినే అప్పుచేసి కొనుచున్నాడన్నమాట! స్వేచ్ఛ యను పేరుతో ఇంతటి బానిసత్వమును అమ్మిన వ్యాపారము మరొకటి ఉన్నదా యని మాకు ఆశ్చర్యము కలుగును.

కఫాలత్ కట్లు కొంత సడలిన మాటయు నిజమే. కతార్ 2018లో పెక్కుమంది కార్మికులకు దేశము విడుచుటకు యజమాని అనుమతి అవసరము లేకుండ చేసినది. 2020లో ఉద్యోగము మారుటకు అతని అంగీకారపత్రము అక్కరలేదన్నది. సౌదీలో 2021 మార్చి 14 నుండి ఒక సంవత్సరము పని చేసినవారు నియమములకు లోబడి మరొక యజమాని వద్దకు మారవచ్చునని సంస్కరణ వచ్చినది. కాని ఆ సంస్కరణ ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, గొఱ్ఱెలు ఒంటెలు కాయువారికి వర్తింపలేదు. మన జిల్లాల నుండి వెళ్ళినవారిలో ఆ పనులు చేయువారు ఎందరో ఉన్నారు. కువైట్‌లోను ఇట్టి భేదమే: 18వ సంఖ్య గల నివాసము ప్రైవేటు సంస్థల ఉద్యోగులది, 20వ సంఖ్య ఇంటి పనివారిది, 22వ సంఖ్య కుటుంబ సభ్యులది. అందుచేత వీసాపై వ్రాసిన వృత్తి ఏదను ప్రశ్న జీతమెంత అను ప్రశ్నకు తీసిపోదు.

మన దేశపు వైపున 1983 నాటి వలసల చట్టము ఉన్నది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారికి సాధారణముగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు లభించును. వారు గల్ఫు దేశములకు ఉద్యోగమునకై వెళ్ళునపుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి పొందవలెను. ఆ కార్యాలయము హైదరాబాదులోను ఉన్నది. ఇది అడ్డంకియని తలచి, విజిట్ వీసాతో దానిని తప్పించుకొని పోవువారున్నారు. వారు తప్పించుకొనునది తమ రక్షణనే. ఈ అనుమతితోపాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో ప్రమాద మరణమునకు, శాశ్వత అంగవైకల్యమునకు 10 లక్షల రూపాయల రక్షణ కలుగును. లైసెన్సు గల ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. ఆ లైసెన్సు నిజమా కాదా అన్నది ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ లో ఎవరైనను చూచుకొనవచ్చును. ముప్పది ఏండ్లు నిండని స్త్రీకి ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుపై ఇంటి పనికి అనుమతి ఇవ్వరు. పదవ తరగతి పట్టా ఒక్కటి ఇన్ని లెక్కలను మార్చివేయుననునది చదువు మానదలచిన వారు ఆలోచింపవలసిన విషయము.

కుటుంబముతో నివసింపగోరు వారి సంగతి కొంచెము. ఎమిరేట్లలో నెలకు 4,000 దిర్హములు, లేదా వసతితోపాటు 3,000 దిర్హముల జీతము ఉన్నవారు భార్యాబిడ్డలను పిలిపించుకొనవచ్చును. సౌదీలో 2017 జూలై నుండి ఆశ్రితులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించి, ఏటేట పెంచి 2020 నాటికి 400 రియాళ్ళు చేసిరి. ఈ భారము మోయలేక బిడ్డలను హైదరాబాదు బడులకు తిరిగి పంపిన కుటుంబములు కలవు. కఫీల్ లేకుండ అయిదేండ్లు లేదా పదేండ్లు ఉండనిచ్చు గోల్డెన్ వీసాను ఎమిరేట్లు 2019లో ప్రవేశపెట్టినవి. అది పెట్టుబడిదారులకు, నిపుణులకు, మిక్కిలి ప్రతిభ గల విద్యార్థులకు ఉద్దేశింపబడినది.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. గల్ఫు వీసాలపై వృత్తి, కఫీల్ పేరు అరబ్బీ లిపిలో ఉండును. పల్లెల నుండి పోవు మన తెలుగు సోదరులకు ఆ అక్షరములు తెలియవు. ఏజెంటు చెప్పినదే వారికి వేదము. కంపెనీ డ్రైవరు అని చెప్పి ‘సాయిఖ్ ఖాస్’, అనగా ఇంటి డ్రైవరు, అని వ్రాసి ఉన్న కాగితమును చేతిలో పెట్టినను వారు గుర్తింపలేరు. మన కళాశాలలో ఉర్దూ చదువు విద్యార్థులు ఆ లిపిని చదువగలరు, తెలుగులో విడమరచి చెప్పగలరు. సెలవుదినములలో ఒక గది తెరచి, కొద్దిమంది విద్యార్థులను, ఒక అధ్యాపకుని కూర్చుండబెట్టినచో, వచ్చినవారి వీసాపై ఉన్న వృత్తిని, యజమాని పేరును, గడువును చదివి వినిపింపవచ్చును. ఏజెంటుకు సొమ్ము ముట్టక ముందే ఆ కాగితము ఇచటికి రావలెనని చుట్టుప్రక్కల గ్రామములలో చాటింపు వేయించినచో మరింత ప్రయోజనకరము.