చిన్న ఆర్‌ఎన్‌ఏ, పెద్ద బ్రేకు

డీఎన్‌ఏని పెద్ద వంటల పుస్తకం అనుకుంటే, అందులోంచి ఒక్కో వంటకానికి రాసుకున్న చీటీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. ఆ చీటీ చూసి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది. మరి ఎంత చేయాలో చూసేదెవరు? ఆ పనిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏకి పెద్ద పాత్ర ఉంది. పొడవు సుమారు 22 అక్షరాలే! తనకి జతపడే చీటీకి అతుక్కుని, దాన్ని చదవనివ్వదు, లేదా చెరిపేయిస్తుంది. 1993లో ఒక చిన్న పురుగులో దీన్ని కనిపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ వచ్చింది.

ఇక మూత్రాశయ క్యాన్సర్ సంగతి. పెరుగుదలని అదుపుచేసే మిర్-145 ఈ కణితుల్లో తగ్గిపోతుంది. అంటే బ్రేకు పోయినట్టే. మిర్-200 కుటుంబం కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేలా చూస్తుంది. అది తగ్గితే కణాలు పట్టు వదిలేసి లోపలి కండరంలోకి చొచ్చుకుపోగలవు. మిర్-21ది రివర్స్ కథ. అది పెరిగి, పీటెన్ అనే కాపలా ప్రొటీన్‌నే తగ్గించేస్తుంది.

ఈ క్యాన్సర్ తరచూ తిరగబెడుతుంది. అందుకే చికిత్స తర్వాత కూడా కెమెరా గొట్టం పంపి మళ్లీ మళ్లీ చూడాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మూత్రంలోనూ దొరుకుతాయి కాబట్టి, ఆ బాధ తగ్గించే మూత్ర పరీక్ష కోసం పరిశోధనలు జరుగుతున్నాయి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి రెండు. ఒకటి, సిగరెట్ మానడం. ఈ జబ్బుకి అతి పెద్ద కారణం అదే. రెండు, ఇంట్లో తాతయ్యకో నాన్నకో మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, ‘వేడి చేసిందిలే’ అని మజ్జిగతో సరిపెట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం.