రెండో పీరియడ్ ఖరీదు 35,000

గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో బేరాలు తెల్లవారకముందే మొదలవుతాయి. ఇంజినీరింగ్ చదివే ఓ కుర్రాడు నాన్నకు సాయంగా బంతిపూల మూటలు దించి, తూకం అయ్యేదాకా నిలబడి, అప్పుడు బస్సెక్కుతాడనుకుందాం. కాలేజీ ఒక్కరోజూ ఎగ్గొట్టడు. కానీ ఆరు పీరియడ్లలో మొదటి రెండూ రోజూ పోతాయి. పీరియడ్ల లెక్కన అతని హాజరు 66.7 శాతం. ఒక్కటే పోయుంటే 83.3 ఉండేది.

తెలంగాణ సర్కారు ఈ-పాస్ స్కాలర్‌షిప్‌కు ప్రతి మూడు నెలలకూ 75 శాతం హాజరు ఉండాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ మాత్రం సరైన కారణం చూపిస్తే 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి కండోనేషన్ ఇచ్చి పరీక్ష రాయనిస్తుంది. చిక్కంతా ఇక్కడే. హాల్‌టికెట్ చేతికొచ్చింది కదా అని స్కాలర్‌షిప్ కూడా పదిలమే అనుకోకూడదు. కన్వీనర్ కోటాలో 10,000 దాటిన ర్యాంకుతో చేరిన బీసీ విద్యార్థికి వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 రూపాయల వరకు. ఆ రెండో పీరియడ్ మీద ఆధారపడింది ఈ సొమ్మే. సర్కారు తన బకాయిలు ఏళ్ల తరబడి నాన్చొచ్చు, పిల్లవాడికి మాత్రం మూడు నెలలకోసారి లెక్క తేలాలి!

ముందే మేలుకుంటే దారుంది. 36 పనిదినాలు ఇలాగే గడిచినా, తర్వాత 12 రోజులు అన్ని పీరియడ్లూ కూర్చుంటే హాజరు సరిగ్గా 75కి చేరుతుంది. శ్రావణ శుక్రవారాలకూ వినాయక చవితికీ మార్కెట్ కిటకిటలాడే వారాల్లో ఈ 12 రోజులు దొరకడం కష్టం. అందుకే వాటికి ముందే చూసుకోవాలి.

హాజరు ఒక్కటే చాలదు, పై ఏడాదికి ప్రమోట్ కావాలి. జేఎన్‌టీయూ ఆర్22 నిబంధనలు వచ్చినప్పుడు పెట్టిన లెక్క ఇదీ: మొదటి ఏడాది 40 క్రెడిట్లలో 20, రెండో ఏడాది ముగిసేసరికి 80లో 48, మూడో ఏడాదికి 120లో 72. బొటాబొటిగా 20తో గట్టెక్కినవాడు రెండో ఏడాది 28 తెచ్చుకోవాలి, మూడో ఏడాది 24 చాలు. ఇరుకు మధ్యలోనే ఉంది. బ్యాక్‌లాగ్‌లు ఉన్నంత మాత్రాన స్కాలర్‌షిప్ ఆగదు, పై ఏడాదికి వెళ్లలేక డిటెయిన్ అయితే ఆగుతుంది.

అమెరికాలో విద్యార్థులకిచ్చే ఫెడరల్ సాయంలో 120 క్రెడిట్ల డిగ్రీకి 180 దాకా ప్రయత్నించే వెసులుబాటు ఉంది. ఇక్కడ అదే ఏడాది మళ్లీ చదివితే ఆ ఫీజు ఇంటివాళ్లే కట్టుకోవాలి.