సౌకార్‌పేట పాత ఇండ్ల మరమ్మతు: పసిబిడ్డలకు పొంచియున్న అపాయాలు

పెండ్లి చీరలకు, పాత్రసామానుకు చెన్నపట్నం వెళ్ళే సరిహద్దు గ్రామాల వారికి సౌకార్‌పేట కొత్త కాదు. సెంట్రల్ స్టేషనుకు ఉత్తరాన తంగసాల వీధి, గోవిందప్ప నాయకన్ వీధి పరిసరాల్లో ముందు భాగాన అంగడి, వెనుకనో మిద్దెపైనో కాపురం ఉండే ఇండ్లు నేటికీ ఉన్నాయి. మరమ్మతు చేయదలచినప్పుడు ఇల్లు ఖాళీ చేసే వీలు చాలామందికి ఉండదు. అంగడి నడవాలి, అద్దె కలిసిరావాలి. అందువల్ల సగం ఇంట్లో పని, సగం ఇంట్లో కాపురం సాగుతాయి. పాకే బిడ్డకు ఆ రెండు సగాల మధ్య సరిహద్దు తెలియదు.

అన్నిటికంటే పెద్ద అపాయం కంటికి కనిపించదు. పాత తలుపులకు, కిటికీ చువ్వలకు, ఇనుప కటకటాలకు పొరలు పొరలుగా పూసిన ఎనామెల్ రంగులలో సీసం ఉండవచ్చు. ఇండ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందరి రంగును పొడిగా ఉప్పుకాగితంతో గీకినప్పుడు లేచే సన్నని దుమ్ము నేలపై పడుతుంది. బిడ్డ ఆ నేలపైనే పాకి, ఆ చేతినే నోటిలో పెట్టుకుంటాడు. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దలకంటే పసివారి శరీరం నాలుగైదు రెట్లు అధికంగా గ్రహిస్తుంది. జ్వరమూ రాదు, ఏడుపూ రాదు. కానీ బుద్ధి వికాసం, ఏకాగ్రత దెబ్బతింటాయి. ఇంత వరకు ఫరవాలేదనదగిన పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కేవలం వెల్లసున్నం కొట్టిన గోడలతో ఈ భయం లేదు. చమురు రంగులతోనే ఉన్నది.

కాబట్టి పాత రంగును నీటితో తడిపి గీకించాలి, మంటతో కాల్చరాదు. వీలైతే తలుపు రెక్కలను ఊడదీసి ఇంటి బయట గీకించడం మేలు. పని గదికీ కాపురపు గదికీ మధ్య మందపాటి ప్లాస్టిక్ పట్టాను పైనుండి కింది వరకు అంటించాలి. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్ళీ లేస్తుంది గనుక తడిగుడ్డతోనే తుడవాలి. అనుమానమున్నచో బిడ్డకు రక్తపరీక్ష చేయించవచ్చు.

ఈ ఇండ్ల మిద్దెలు చాలావరకు టేకు దూలాలపై సన్నని ఇటుకలను అంచుమీద నిలిపి సున్నంతో కట్టిన మద్రాసు మిద్దెలు. వాటిని బాగుచేయాలంటే సున్నం కావాలి. నీరు పోసిన రాతిసున్నం పొంగి కాగుతుంది. చుక్క కంటిలో పడితే చూపు పోవచ్చు. అటువంటప్పుడు పసరులూ పాలూ పోయక, వెంటనే శుభ్రమైన నీటితో కనీసం 15, 20 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

నడుమ వెలుతురు కోసం విడిచిన ముంగిలి పైభాగాన ఇనుప కటకటం ఉంటుంది. తుప్పు గీకడానికి దానిని ఊడదీసి, వాన పడకుండా టార్పాలిన్ కప్పుతారు. మిద్దెపై ఆడుకునే బిడ్డకు అది నేలవలెనే కనిపిస్తుంది! పలకలు పరచి బిగించనిదే ఆ కటకటం తీయనీయరాదు. పిట్టగోడ మీటరు ఎత్తు ఉన్నదని ధైర్యపడి దానికి ఆనించి ఇసుక పోయించుకుంటే, ఆ ఎత్తు వ్యర్థమే.

ఇక థిన్నరును నీళ్ళ సీసాలలో పోసి ఉంచడం మేస్త్రీల అలవాటు. బిడ్డ తాగితే వాంతి చేయించరాదు; అది ఊపిరితిత్తులలోకి పోతుంది. గోడలు తడిపేందుకు నింపిన తొట్టిలో జానెడు నీరున్నా తలకిందులుగా పడిన పసివాడు లేవలేడు. తాత్కాలిక కరెంటు తీగలకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

పనివారు ఉన్నంతసేపు ఎవరో ఒకరు బిడ్డను అదిలిస్తూనే ఉంటారు. అసలు చిక్కు సాయంత్రం వారు వెళ్ళిన తరువాతి గంటలో ఉన్నది. యజమాని అంగడిలో ఉంటాడు, ఇల్లాలు వంటింటిలో ఉంటుంది. ఆ వేళకు ముందే ఇంటి పెద్దలలో ఒకరు మేస్త్రీని వెంటబెట్టుకొని తిరిగి తొట్టి ఒంపించి, మెయిన్ ఆపించి, సీసాలు అటకెక్కించి, మిద్దె తలుపుకు తాళం వేయించి గాని కూలి లెక్క చూడరాదు.

నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు పాత మిద్దెలు బాగుచేయించుకునే వారికీ, సెలవులకు పిల్లలను పట్నంలోని బంధువుల ఇండ్లకు పంపేవారికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. ఆపదలో 108కి ఫోను చేయడం రెండు రాష్ట్రాలలోనూ ఒకటే. అయితే సౌకార్‌పేట సందులలోకి వాహనం రావడం కష్టం గనుక, ఏ పెద్దవీధి మొగకు బిడ్డను ఎత్తుకొని రావాలో పని మొదలుపెట్టిన రోజే ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి.