మందులకు లొంగని క్రిములు – గృహిణుల కర్తవ్యము

ప్రాణాపాయములోనున్న రోగిని ఐ.సి.యు.లో చేర్చినప్పుడు ఇంటివారు కొంత ఊరట చెందుట సహజము. అచ్చట రేయింబవళ్లు వైద్యులును, నర్సులును కనిపెట్టుకొనియుందురు. కాని వచ్చిన జబ్బు కుదుటబడుచుండగా వేరొక జబ్బు ఆ గదిలోనే రోగిని పట్టుకొనుట కలదు. దానికి కారణమగు క్రిములు పెక్కు మందులకు లొంగవు. ఈ విషయమును గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

చర్మము మన దేహమునకు కోటగోడ వంటిది. ఐ.సి.యు.లో శ్వాస కొరకు గొంతులో నొక గొట్టమును, మూత్రమునకొకటియు, మందులెక్కించుటకు రక్తనాళములో మరియొకటియు అమర్చుదురు. ప్రాణము నిలుపు ఈ గొట్టములే క్రిములకు దారులగును. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ అనునవి వీనిలో ముఖ్యములు. అసినెటోబాక్టర్ పొడిగానున్న మంచపు కమ్మిపైనను దినముల కొలది బ్రదికియుండగలదు. ఇవి రోగి నుండి రోగికి చేరుట తరచు మనుష్యుల చేతుల వలననే.

ఇవి మందులకేల లొంగవు? కోట్లకొలది క్రిములలో ఏ కొన్నియో మందును తట్టుకొను శక్తి గలిగియుండును. మందు వాడినప్పుడు తక్కినవి చచ్చి, ఇవి మిగిలి వృద్ధి నొందును. ఆ శక్తిని పొరుగు క్రిములకును పంచిపెట్టును. 1928లో పెనిసిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగ్ పండితుడు, చాలని మోతాదులో మందు వాడినచో క్రిములు దానికి అలవాటుపడునని 1945లోనే హెచ్చరించెను. భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నున్న లెడర్లీ ప్రయోగశాలలోనే ఆరియోమైసిన్ కనుగొనబడి, 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఇట్టివారు కూర్చిన నిధిని మనము దుబారా చేయుచున్నాము. 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మరణములకు మందులకు లొంగని క్రిములే ప్రత్యక్ష కారణమని శాస్త్రజ్ఞుల అంచనా.

దీనిలో గృహిణి చేయగలిగినదేమి? చాల కలదు. జలుబు, పడిసెము సాధారణముగా వైరస్‌ల వలన వచ్చును. వానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. మందుల దుకాణములో అడిగి కొనుటయు, నిరుడు మిగిలిన మాత్రలను బిడ్డకిచ్చుటయు, పొరుగింటివారికి ఎరువిచ్చుటయు మానవలెను. అట్టకు ఎఱ్ఱగీత యున్న మందును వైద్యుని చీటీ లేక వాడరాదు. వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పినన్ని దినములు వాడవలెను.

ఐ.సి.యు.లో మనవారిని చూడబోవునప్పుడు లోనికి పోకముందును, వెలుపలికి వచ్చిన పిదపను చేతులు కడుగుకొనవలెను. మంచముపై కూర్చుండరాదు, గొట్టములను తాకరాదు. "ఈ గొట్టము ఇంకను అవసరమా?" అని వైద్యుని వినయముగా నడుగుట తప్పుగాదు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ వైద్యుడు తోడివారిచే సున్నపు క్లోరిను నీటితో చేతులు కడిగించిన పిదప బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను.

నేడు మన యింట వృథాగా మింగిన మాత్ర, రేపు ఐ.సి.యు.లో ఒక తల్లికి పనిచేయకపోవచ్చును. కావున మందుల పెట్టె తాళమువలె దాని వివేకమును గృహిణి చేతిలోనే యుండవలెనని మా మనవి.