ఐడిలింగ్ లోపాల నిర్ధారణ: కొలతకు అందని గాలి

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఐడిలింగ్‌లో ఇంజిన్‌కు గాలి ఏయే దారుల్లో చేరుతుందో వివరించగలుగుతారు.
- కొలతకు వచ్చిన గాలి వల్ల కలిగే లక్షణాలనూ, కొలతకు రాని గాలి వల్ల కలిగే లక్షణాలనూ వేరుచేసి గుర్తించగలుగుతారు.
- పరీక్షలను సరైన వరుసలో జరిపి లోపాన్ని నిర్ధారించగలుగుతారు.

7.1 పరిచయం

యాక్సిలరేటర్‌పై కాలు లేనప్పుడు ఇంజిన్ తనంతట తాను నిలకడగా తిరగడాన్ని ఐడిలింగ్ అంటారు. పాత ఇంజెక్షన్ కార్లలో ఈ నిలకడ తరచుగా దెబ్బతింటుంది. కూడలిలో బండి ఆగగానే ఇంజిన్ కూడా ఆగిపోతుంది, లేదా చుట్లు వాటంతట అవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఇలాంటి బండి వర్క్‌షాపుకు వస్తే చాలామంది మొదట ఐడిల్ స్క్రూ తిప్పుతారు. నిజానికి అది చివర చేయవలసిన పని. ఎందుకో ఈ భాగంలో తెలుసుకుందాం.

మనం తీసుకునే ఉదాహరణ మాజ్డా ఎమ్ఎక్స్-5 మియాటా. 1989లో చికాగో ఆటో షోలో తొలిసారి ప్రదర్శించిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది. తొలి నమూనాలోని 1.6 లీటర్ల ఇంజిన్‌లో గాలిని కొలిచే సాధనం ఒక కదిలే రేకు. అందువల్ల గాలి కొలతకూ ఐడిలింగ్‌కూ గల సంబంధాన్ని దీని ద్వారా సులభంగా అర్థం చేసుకోవచ్చు.

7.2 గాలి దారి

గాలి ముందుగా ఎయిర్ క్లీనర్ గుండా, తరువాత ఫ్లాప్ మీటర్ గుండా వెళుతుంది. గాలి తోసినకొద్దీ మీటర్‌లోని రేకు తెరుచుకుంటుంది. అది ఎంత తెరుచుకుందో చూసి కంప్యూటర్ పెట్రోలు మోతాదును లెక్కిస్తుంది. అక్కడి నుంచి గాలి మడతల రబ్బరు గొట్టం ద్వారా థ్రాటిల్ బాడీని, ఆపై మానిఫోల్డ్‌ను చేరుతుంది.

ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. అప్పుడు ఇంజిన్‌కు కావలసిన గాలి ముఖ్యంగా మూడు పక్కదారుల్లో అందుతుంది:

1. ఐడిల్ స్క్రూ ఉన్న రంధ్రం.
2. మైనపు వాల్వ్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇది తెరిచి ఉంటుంది. కూలెంట్ వేడెక్కితే లోపలి మైనం వ్యాకోచించి వాల్వ్‌ను మూస్తుంది.
3. కంప్యూటర్ నడిపే ఐడిల్ కంట్రోల్ వాల్వ్. హెడ్‌లైట్లు, ఏ.సి. వంటి భారం పడినప్పుడు ఇది మరికొంత గాలిని పంపుతుంది.

ఈ మూడు దారులూ మీటర్ దాటిన తరువాతే మొదలవుతాయి. కాబట్టి వాటి గుండా వెళ్ళే గాలి కొలతకు వచ్చిన గాలే.

7.3 రెండు రకాల లోపాలు

కొలతకు వచ్చిన గాలి ఎక్కువైతే: దానికి తగిన పెట్రోలు కూడా అందుతుంది, కనుక చుట్లు పెరుగుతాయి. మైనపు వాల్వ్ మూసుకోకపోయినా, థ్రాటిల్ కేబుల్ బిగుతుగా ఉన్నా ఇలా జరుగుతుంది. థ్రాటిల్ మూసి ఉందని ఐడిల్ స్విచ్ చెబుతూ ఉండగా చుట్లు మరీ పెరిగితే, బండి వాలులో దిగుతోందని భావించినట్లుగా కంప్యూటర్ పెట్రోలును ఆపివేస్తుంది. చుట్లు పడిపోగానే మళ్ళీ ఇస్తుంది. చుట్లు పెరుగుతూ తగ్గుతూ ఉండటానికి ఇదొక కారణం.

కొలతకు రాని గాలి చేరితే: పగిలిన గొట్టం గుండా వచ్చే గాలి కంప్యూటర్ లెక్కలో ఉండదు. దానికి పెట్రోలు అందదు. మిశ్రమం పలచబడి ఇంజిన్ వణుకుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఈ ఇంజిన్‌లో మరొక విశేషం ఉంది. పెట్రోలు పంపు స్విచ్ ఫ్లాప్ మీటర్‌లోనే ఉంటుంది. గొట్టం పూర్తిగా ఊడిపోతే రేకు తెరుచుకోక, స్టార్ట్ అయిన ఇంజిన్ వెంటనే ఆగిపోతుంది.

7.4 పరీక్షల వరుస

న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయండి. తిరిగే ఫ్యాన్‌కూ బెల్టుకూ చేతులు దూరంగా ఉంచండి.

మొదటిది, గమనించడం. లోపం చల్లని ఇంజిన్‌లోనా, వేడెక్కాకా, భారం పడినప్పుడా అని రాసుకోండి. లయబద్ధంగా కుదుపు వస్తుంటే గాలి కంటే ముందు స్పార్క్ ప్లగ్గులను, ప్లగ్ వైర్లను చూడండి.

రెండవది, కూలెంట్. మట్టం తక్కువగా ఉన్నా, గాలి బుడగలు చేరినా మైనపు వాల్వ్‌కు వేడి అందక అది తెరిచే ఉంటుంది. ఇంజిన్ చల్లారిన తరువాతే మూత తీయండి.

మూడవది, గాలి లీకులు. రబ్బరు గొట్టం మడతలను వంచి చూడండి. మామూలుగా కనబడని పగుళ్ళు వంచినప్పుడు తెరుచుకుంటాయి. తరువాత బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని కాసేపు నొక్కి పట్టండి. ఐడిలింగ్ వెంటనే మెరుగైతే లీకు అటువైపు ఉన్నట్లు.

నాలుగవది, థ్రాటిల్. మసి శుభ్రం చేసి, కేబుల్‌కు కొద్దిపాటి వదులు ఉందో లేదో చూడండి. పెడల్ వదిలినప్పుడు ఐడిల్ స్విచ్ కలుస్తోందా అని మల్టీమీటర్‌తో పరీక్షించండి.

ఐదవది, ఐడిల్ కంట్రోల్ వాల్వ్. లైట్లు వేసినప్పుడు చుట్లు పడిపోయి తిరిగి కోలుకోకపోతే దీన్నీ, దీని వైరింగ్‌నూ అనుమానించాలి.

చివరిది, సర్దుబాటు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక డయాగ్నోసిస్ పెట్టెలోని టి.ఇ.ఎన్., జి.ఎన్.డి. టెర్మినళ్ళను వైరుతో కలపాలి. అప్పుడు కంప్యూటర్ సవరణలు పక్కకు తప్పుకుంటాయి. ఇగ్నిషన్ టైమింగ్ టాప్ డెడ్ సెంటర్‌కు 10 డిగ్రీల ముందు ఉండాలి. తరువాత స్క్రూతో ఐడిలింగ్‌ను నిమిషానికి 850 చుట్ల దగ్గర, 50 అటూ ఇటూగా, నిలపాలి. పని అయ్యాక వైరు తీసివేయడం మరచిపోవద్దు.

7.5 ఒక ఉదాహరణ

వేడెక్కిన ఇంజిన్ 600 చుట్ల వద్ద వణుకుతోందనుకుందాం. కారణం రబ్బరు గొట్టంలో పగులు. మెకానిక్ అది చూడకుండా స్క్రూ తెరిచి 850కి తెచ్చాడు. స్క్రూ గుండా వచ్చే గాలికి పెట్రోలు తోడవుతుంది కాబట్టి అప్పటికి బాగైనట్లే కనిపిస్తుంది. కానీ పగులు అలాగే ఉంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ ఊగి పగులు మరింత తెరుచుకుంటుంది. బండి తడబడుతుంది. యజమాని సెన్సార్లు, ప్లగ్గులు మార్పిస్తాడు. డబ్బు ఖర్చవుతుంది, లోపం మిగిలే ఉంటుంది. చివరకు ఎవరో గొట్టం మారుస్తారు. స్క్రూ ఇంకా తెరిచే ఉన్నందున ఇప్పుడు చుట్లు మితిమీరి పెరుగుతాయి. అంటే అసలు లోపం పోయినా, మొదట చేసిన సర్దుబాటే కొత్త లోపమైంది.

7.6 సారాంశం

చుట్లు పెరిగాయా తగ్గాయా అన్నది లక్షణం మాత్రమే. చేరుతున్న గాలి కొలతకు వచ్చిందా, రాలేదా అన్నదే నిర్ధారణలో మూల ప్రశ్న. దానికి జవాబు దొరికేవరకు స్క్రూ జోలికి వెళ్ళకండి, భాగాలు కొనిపించకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మైనపు వాల్వ్ తెరిచి ఉండిపోతే చుట్లు ఎందుకు పెరుగుతాయి? గొట్టం పగిలితే ఇంజిన్ ఎందుకు వణుకుతుంది?
2. ఉదయం చల్లని ఇంజిన్ బాగా తిరుగుతోంది. వేడెక్కాక కూడా 1,500 చుట్ల నుంచి దిగడం లేదు. మీరు మొదట ఏం చూస్తారు? కారణం రాయండి.